తెల్ల మేజోళ్ళు, నల్ల చుట్టాలు

లాండ్రీ మావయ్యగారు ఎవరింటికి వెళ్ళినా గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతారు గాని మేజోళ్ళు విప్పరు. అవి మామూలు మేజోళ్ళు కావు. తెల్లగా మిలమిలలాడేవి, మోకాళ్ళ దాకా లాగి పైన రబ్బరు పట్టీ బిగించినవి. లోపలికొచ్చాక ఆయన కుర్చీలో కూర్చోరు. చేతులు వెనక్కి కట్టుకుని, పాదాలు నేలకి రాస్తూ, సర్... సర్... మని ఇల్లంతా ఒక చుట్టు తిరుగుతారు. తివాచీ మీద మళ్ళీ ఇంకోసారి నడుస్తారు. సోఫా కింద ఒక కాలు దూర్చి కాసేపు అలాగే ఉంచుతారు. ఆ తర్వాత కిటికీ దగ్గరికి వెళ్ళి, కొంగలా ఒంటికాలి మీద నిలబడి, జేబులోంచి భూతద్దం తీసి తన మేజోళ్ళని తానే పరీక్ష చేసుకుంటారు. ఆయన కన్ను ఆ అద్దానికి ఆనినంతసేపూ ఆ ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టి చూస్తారు.

ఆయన వెతికేది కుక్కలకీ పిల్లులకీ పట్టే పురుగుల్ని. బొచ్చులో గెంతేవి కొన్ని, చర్మానికి అతుక్కుని రక్తం తాగే గోమార్లు కొన్ని. కాని ఆ పేర్లు ఆయన చచ్చినా పలకరు. పేరెత్తితే వచ్చి వాలిపోతాయని ఆయనకి భయమని వీధిలో అందరూ చెప్పుకుంటారు. ఆయన భాషలో అవి “చుట్టాలు.”

“ఏమ్మా, చుట్టాలొచ్చారా?” అని గుమ్మంలోంచే అడుగుతారు.

“లేదండీ, ఎవరూ రాలేదు.”

“మరి మీ కుక్క చెవి ఎందుకు గోక్కుంటోంది?”

“ఏదో ఆలోచిస్తోందండీ.”

“ఆలోచిస్తే కుక్కలు చెవి గోక్కోవమ్మా. నేను లోపలికొస్తున్నాను.”

అంతే, ఆ ఇంట్లో చాపలు చుట్టేవాళ్ళు చుట్టేస్తారు, దుప్పట్లు దాచేవాళ్ళు దాచేస్తారు. మంగలి దుకాణంలో ఒక బొద్దు పిల్లి ఉంటుంది. వీధి మలుపులో తెల్ల మేజోళ్ళు కనబడగానే మంగలి ఆ పిల్లిని కుర్చీలో కూర్చోబెట్టి, మెడ చుట్టూ గుడ్డ కప్పి, చేతిలో కత్తెర ఆడించేవాడు. ఒకసారి మావయ్యగారు చాలాసేపు చూసి, “ఈయనకి గడ్డం గీసి మీసం వదిలేశావేమిటోయ్?” అని అడిగారు. మంగలి ఆ రోజంతా నీళ్ళు నములుతూనే ఉన్నాడు.

ఈ మావయ్యగారింటికి కొత్తగా కోడలై వచ్చిన అమ్మాయి పుట్టుపిరికిది. తలుపు చప్పుడైతే ఉలిక్కిపడుతుంది, ఉలిక్కిపడ్డందుకు మళ్ళీ భయపడుతుంది. ఇంటి ముందు భాగమే లాండ్రీ. అత్తగారు ఇస్త్రీ బల్ల చూసుకుంటారు, భర్త ఉతికిన బట్టలు ఇళ్ళకి చేరవేస్తాడు. కోడలికి కౌంటర్ అప్పజెప్పారు. వెనకగదిలో పెద్ద మిషన్లు కాక పక్కన విడిగా ఒక పాత మిషన్ ఉంది. దానికి మనుషుల బట్టలు వేయరు. వీధిలోని కుక్కల పరుపులూ పిల్లుల దుప్పట్లూ మావయ్యగారు పోట్లాడి మరీ పట్టుకొచ్చి అందులో వేస్తారు.

ఆయన “చుట్టాలు” ఎవరో కోడలికి ఇంకా ఎవరూ చెప్పలేదు. అందుకే కొంప మునిగింది.

వచ్చిన కొత్తలో ఒక ఉదయం ఆమె కౌంటర్ తుడుస్తూ ఉంటే, మావయ్యగారు ఫోనులో ఎవరితోనో ఉగ్రంగా మాట్లాడుతున్నారు.

“చుట్టాలొచ్చారా? ఎంతమంది? అలా తేలిగ్గా తీసుకోకండి! ఇవాళ ఒకరొస్తారు, వారం తిరిగేసరికి వంశం మొత్తం దిగుతుంది. ముందు పరుపులెత్తి చూడండి. అక్కడే పిల్లల్ని కంటారు. పక్కబట్టలన్నీ సలసలా కాగే నీళ్ళలో ముంచెయ్యండి. జాలిపడ్డారో, మీ రక్తం తాగేస్తారు!”

కోడలి చేతిలో గుడ్డ జారి కింద పడింది. తర్వాతి వారమే వాళ్ళమ్మ చూడటానికి వస్తోంది. వెంటనే వెనక్కి పరిగెత్తి అమ్మకి ఫోను చేసింది.

“అమ్మా, నువ్విప్పుడే రాకే.”

“ఎందుకే?”

“మావయ్యగారికి చుట్టాలంటే గిట్టదు.”

“గిట్టకపోతే ఏం చేస్తాడట?”

“వేడినీళ్ళు...” అంది కోడలు.

“నేను రేపే వస్తున్నాను,” అంది అమ్మ. “నా మీద వేడినీళ్ళు పోసే మొనగాడెవడో నేనూ చూస్తాను.”

అన్నట్టే వచ్చింది. చేతిలో మూతవేసిన బుట్ట ఉంది. అప్పటికి మావయ్యగారు వీధిలోకి వెళ్ళారు. అమ్మ కూతుర్ని పక్కకి లాగి బుట్ట మూత కొంచెం ఎత్తింది. లోపల దొరసాని. పెళ్ళి దాకా కోడలి దిండు మీదే పడుకున్న నారింజరంగు పిల్లి.

“నువ్వెళ్ళినప్పటినుంచీ ఇది సరిగ్గా తినడం లేదే. నీ పాత దిండుగలీబు ముందు వేసుకుని కూర్చుంటోంది. గలీబు కూడా బుట్టలో పెట్టాను, రెండూ ఇక్కడే ఉంచుకో,” అంది అమ్మ.

కోడలికి ఏడుపూ సంతోషమూ కలిసి వచ్చాయి. పిల్లిని ఎత్తుకుని ముద్దుపెట్టుకోబోయింది. అంతలో దొరసాని వెనక్కి తిరిగి, కాలెత్తి, మెడ బరబరా గోక్కుంది.

కోడలి గుండె గుభేలుమంది. బొచ్చు విడదీసి చూస్తే మిరియాలపొడి చల్లినట్టు నల్లటి నలుసులు. ఆ ఉదయమే మావయ్యగారు ఒక కుక్క దుప్పటి మీది నలుసుల్ని తడిదూదితో అద్ది, “ఇవిగో చుట్టాలు” అనడం చూశాకే, ఆ చుట్టాలెవరో ఆమెకి తెలిసింది. తనూ దూదిని తడిపి ఈ నలుసుల మీద అద్దింది. నలుపు కరిగి తుప్పురంగుకి తిరిగింది. అంటే రక్తం. దొరసానికి చుట్టాలొచ్చారు, అదీ సకుటుంబంగా.

ఆ క్షణం నుంచి ఆమె మనసు మనసులో లేదు. చుట్టాలున్న పిల్లిని మావయ్యగారు ఏం చేస్తారో ఆమెకి తెలియదు. వీధిలో అడిగితే ఎవరికీ తెలియదన్నారు, ఎందుకంటే తమ ఇంటికి చుట్టాలొచ్చారని ఒప్పుకున్నవాడు ఆ వీధిలో ఇంతవరకు లేడు. వీధిలోకి విసిరేస్తారేమో. పట్టుకెళ్ళి ఆ పాత మిషన్లో వేస్తారేమో! డాబా మీద పాత తెరలూ విరిగిన హ్యాంగర్లూ పడేసే గది ఉంది. పిల్లిని అందులో దాచి గొళ్ళెం పెట్టి, ఎవరికీ చెప్పొద్దని అమ్మని బతిమాలింది.

సాయంత్రం మావయ్యగారు వచ్చారు. “రండి చెల్లెమ్మా, ప్రయాణం బాగా జరిగిందా?” అని నవ్వుతూ పలకరించారు. పలకరిస్తూనే ఆమె కుర్చీ చుట్టూ సర్... సర్... మని తిరగడం మొదలుపెట్టారు. అమ్మ రెండు కాళ్ళూ ఎత్తి కుర్చీలో పెట్టుకుంది.

“అన్నయ్యగారూ, దేనికోసమండీ వెతుకుతున్నారు?”

“ఏం లేదమ్మా. చుట్టాలెవరైనా వచ్చారేమోనని.”

“వచ్చాను కదండీ! ఇంత మనిషిని ఎదురుగా కూర్చుంటే కనబడటం లేదూ?”

అత్తగారు ఇస్త్రీపెట్టె పక్కనపెట్టి మరీ నవ్వారు. “వదినగారూ, ఆయన చుట్టాలు వేరు, మనం వేరు,” అని సంగతంతా విప్పి చెప్పారు. అమ్మ కూడా కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. ఒక్క కోడలు మాత్రం నవ్వలేదు. ఆయన వెతికే చుట్టాలు సరిగ్గా ఆయన నెత్తిమీదే, డాబా గదిలో, కాపురం పెట్టి ఉన్నారు.

మర్నాడు భోజనాల దగ్గర మావయ్యగారు ముద్ద నోటిదాకా తెచ్చి ఆపేశారు. వంగి పిక్క గోక్కున్నారు.

“ఇంట్లోకి ఎవరో వచ్చారు,” అన్నారు.

అందరూ అమ్మవైపు చూశారు. “మళ్ళీ నేనేనా?” అంది అమ్మ.

“కాదు చెల్లెమ్మా. నా పిక్క చెబుతోంది.” ఆయన లేచి సన్నపళ్ళ దువ్వెన, సబ్బునీళ్ళ గిన్నె తెచ్చారు. వాటిని చూడగానే ఇంటికుక్క జమాదారు మంచం కిందికి దూరింది. ఎదురుగా లారీ వచ్చినా పక్కకి జరగని కుక్క అది. దాన్ని బయటికి లాగి చెవుల లోపల, మెడపట్టీ కింద, కాలివేళ్ళ సందుల్లో, తోక మొదట్లో దువ్వి దువ్వి చూశారు. ఏమీ దొరకలేదు. “ఏమనుకోకురా జమాదారూ, నువ్వు కాదు,” అని దాని తల నిమిరారు. తర్వాత మెల్లగా తలెత్తి పైకప్పు వైపు చూశారు. కోడలికి ముద్ద గొంతులో అడ్డంపడి పొలమారింది. ఆయనే మంచినీళ్ళు అందించారు.

ఇక ఆలస్యం చేస్తే పిల్లి దక్కదనుకుంది. చుట్టాల్ని తనే తరిమేస్తే గొడవే ఉండదు. అలమారాలో జమాదారు మందు ఉంది. మెడ వెనక, నాలుక అందని చోట, చర్మం మీద వేసే చుక్కల మందు. ట్యూబు మీద కుక్క బొమ్మ. కుక్క పెద్దది, పిల్లి చిన్నది, కాబట్టి కొంచెం వేస్తే సరిపోతుందని ఆమె లెక్క వేసుకుంది. మధ్యాహ్నం మావయ్యగారు వీధిలోకి వెళ్ళగానే ట్యూబు కొంగులో దాచుకుని పిల్లిలా డాబా ఎక్కింది.

గది తలుపు వేసింది. దొరసానిని ఒళ్ళో పెట్టుకుని మెడ మీద బొచ్చు విడదీసింది. ట్యూబు మూత విరిచింది. అంతలో మెట్ల మీద వినబడింది.

సర్... సర్... సర్...

ఆమెకి పైప్రాణాలు పైనే పోయాయి. ఆ చప్పుడు మెల్లగా పైకి వస్తోంది. ఒక్కో మెట్టు దగ్గరా కాసేపు ఆగుతోంది. తలుపు కింద సందులోంచి పడే ఎండలో రెండు తెల్లటి పాదాలు వచ్చి ఆగాయి. ఆమె ఉలిక్కిపడేసరికి ట్యూబు నొక్కుకుపోయి, మందు పిల్లి మెడ మీద పడింది.

“అమ్మాయ్, లోపల చుట్టాలున్నారా?”

“లే... లేరు మావయ్యగారూ.”

“మ్యావ్,” అంది దొరసాని.

“ఇప్పుడన్నది ఎవరు?”

“నే... నేనేనండీ.”

ఆ తర్వాత వచ్చిన గొంతు మావయ్యగారిదేనా అనిపించింది. అది వణుకుతోంది.

“తల్లీ, నువ్వు తలుపు తీసినా సరే, తీయకపోయినా సరే. అలమారాలో జమాదారు మందు కనబడటం లేదు. అది నీ చేతిలో ఉంటే కింద పెట్టెయ్యమ్మా. కుక్కలకి వేసే ఆ మందు పిల్లికి విషం.”

ఆమె తలుపు తీసింది. పిల్లి తడిసిన మెడ చూపించింది.

కాలు నేలమీంచి ఎత్తి నడవగా ఎవరూ చూడని మనిషి పిల్లిని గుండెకి అదుముకుని పరిగెత్తారు. మెట్లు ఎలా దిగారో ఆయనకే తెలియదు. “గోరువెచ్చటి నీళ్ళు! గిన్నెలు తోమే సబ్బు!” అని కేకలు పెడుతూ లాండ్రీ వెనకగదిలోకి దూసుకెళ్ళారు. కోడలు కంగారులో సలసలా కాగే కుళాయి తిప్పింది.

“వేడి వద్దు! వేడికి మందు ఒంట్లోకి ఇంకా తొందరగా ఇంకుతుంది!” అని ఆయనే కుళాయి సర్ది, మోచెయ్యి నీళ్ళలో ముంచి చూసుకున్నారు. “చెల్లెమ్మా, వెనక కాళ్ళు పట్టుకోండి! ఏమే, నువ్వు తల పట్టుకో, ఒళ్ళు నాకనివ్వకు! అమ్మాయ్, సబ్బు పొయ్యి!”

దొరసాని జన్మలో స్నానం చెయ్యలేదు. అది మావయ్యగారి కాలినే చెట్టనుకుని ఎక్కడం మొదలుపెట్టింది. ఎక్కినకొద్దీ మేజోళ్ళు పీలికలయ్యాయి. ఆయన అరవలేదు, వదల్లేదు. నురుగు పట్టించి కడగడం, మళ్ళీ నురుగు పట్టించడం. అమ్మ చీర తడిసిపోయింది, అత్తగారి చేతులు గీరుకుపోయాయి. చివరికి ఆరబెట్టే మిషన్లోంచి అప్పుడే తీసిన వెచ్చటి తువ్వాలులో పిల్లిని చుట్టి, ట్యూబు కూడా జేబులో వేసుకుని, పక్కవీధిలో ఉన్న పశువుల డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తారు. కోడలు వెనకాలే పరిగెత్తింది.

డాక్టరమ్మ ట్యూబు మీద రాసింది చదివి, పిల్లి కళ్ళు చూసింది. “వెంటనే కడిగి మంచిపని చేశారు. కాని ఒణుకు మొదలవుతుందేమో చూడాలి. కాసేపు బయట కూర్చోండి,” అని లోపలికి తీసుకెళ్ళింది.

బల్ల మీద మావా కోడలూ పక్కపక్కనే కూర్చున్నారు. ఆమెకి తన పిల్లిని తన చేత్తోనే చంపుకుంటున్నానేమోనన్న మాట తప్ప ఇంకేదీ తలకెక్కడం లేదు. పక్కనుంచి టకటకమని చప్పుడొచ్చింది. తిరిగి చూసింది. మావయ్యగారి పళ్ళు.

“మావయ్యగారూ, మీకు చలేస్తోందా?”

“లేదమ్మా. భయమేస్తోంది.”

ఆయనకి కూడా భయమేస్తుందని ఆమెకి అంతవరకు తట్టలేదు. ఎందుకో అప్పుడు ఆమెకి కాస్త ఊపిరాడింది. లోపల తలుపు చప్పుడైన ప్రతిసారీ ఇద్దరూ కలిసే లేచారు, కలిసే కూర్చున్నారు.

ఎండ కిటికీలోంచి జారిపోయాక డాక్టరమ్మ బయటికొచ్చింది. ఇద్దరూ ఆమె ముఖంలోకి చూడటానికి భయపడి నేల వైపు చూశారు.

“మీ పిల్లి నా చెయ్యి కొరికింది,” అంది డాక్టరమ్మ. “తర్వాత నా టిఫిన్ డబ్బా ఖాళీ చేసింది. ఒణుకూ గిణుకూ ఏమీ లేదు. ఇంటికి తీసుకెళ్ళి రేపటిదాకా కనిపెట్టుకుని ఉండండి, ఏ కాస్త తేడా కనబడినా పరిగెత్తుకు రండి. పురుగులకి పిల్లులకే వేసే మందు వేరే ఉంది. దాని బరువు చూసి, ఎప్పుడు వెయ్యాలో నేను చెబుతాను. అది సరే, ముందు మీ కాళ్ళ సంగతేమిటి?”

మావయ్యగారు పీలికల మేజోళ్ళు పైకి లాక్కోబోయారు. లాక్కోవడానికి అక్కడేమీ మిగల్లేదు. కోడలు ఆయన కాళ్ళు చూడటం అదే మొదటిసారి. పిల్లి గీసిన గీతలు అటుంచి, మోకాళ్ళ దాకా ఎర్రటి దద్దుర్లు. కొత్తవీ, మానుతున్నవీ, మానినవాటి మచ్చలూ.

“ఇదంతా చుట్టాలేనా?” అంది ఆమె. “మరి మేజోళ్ళు వేసుకున్నా కుడతాయా?”

“మేజోళ్ళు వాళ్ళకొక లెక్కా? అవి కుట్టకుండా ఉండటానికి కాదమ్మా, తెలుపు మీద నలుపు కనబడుతుందని. నా రక్తమంటే వాళ్ళకి పెళ్ళిభోజనం. ఏ ఇంట్లో ఉన్నా కుక్కని వదిలి నామీదికి దూకుతారు. కుక్క నోరు విప్పి చెప్పలేదు, పిల్లి చెప్పలేదు, ఇంటివాళ్ళు అసలే చెప్పరు. ఇంక నా పిక్కే చెప్పాలి.”

“వాటి పేరెత్తితే వస్తాయని మీకు భయమటగా?”

ఆయన నవ్వారు. “పేరెత్తకపోయినా వస్తున్నారుగా! నా భయం వాళ్ళంటే కాదు, మనుషులంటే. మన కౌంటర్ దగ్గర ఎవరో గట్టిగా, ‘మీ కుక్కకి పురుగులు పట్టాయండోయ్’ అంటారు. పక్కనున్నవాళ్ళు తమ బట్టలు ఇవతలికి లాక్కుంటారు. ఆ మనిషి సిగ్గుతో చచ్చిపోయి, ఇంటికెళ్ళి చేసే మొదటి పని ఆ కుక్కని వీధిలో వదిలెయ్యడం. జమాదారు మనింటికి అలా వచ్చినవాడే. అదే చుట్టాలొచ్చారంటే సిగ్గేముంది? ఎంత గొప్పింటికైనా వస్తారు. పదిమందిలో అడగొచ్చు, పదిమందిలో చెప్పొచ్చు.”

కోడలికి అప్పుడు ఏడుపొచ్చింది. “మీకు తెలిస్తే దొరసానిని బయట పారేస్తారని దాచానండీ. ఆ మిషన్లో వేస్తారేమోనని కూడా...”

“మిషన్లోనా!” మావయ్యగారు నిజంగానే అదిరిపడ్డారు. “నన్ను చూస్తే అంత భయమా తల్లీ?”

“మిమ్మల్ని చూస్తే కాదండీ. ఆ సర్... సర్... వింటే.”

ఆయన తన పాదాల వైపు కాసేపు నిందగా చూసుకున్నారు.

మర్నాడు కౌంటర్ దగ్గర రద్దీగా ఉన్నప్పుడు మంగలి వచ్చి, అందరికంటే వెనక, సంచి వీపు వెనక దాచుకుని నిలబడ్డాడు. ముందుకి రాడు, వెళ్ళిపోడు. కోడలు అతణ్ణి చూసింది. గొంతు సవరించుకుంది. జీవితంలో మొదటిసారి, వీధంతా వినబడేలా అడిగింది.

“ఏమండీ, చుట్టాలొచ్చారా?”

మంగలి ఒక్క క్షణం నీళ్ళు నమిలాడు. తర్వాత భుజాలు దింపుకుని, “వచ్చారమ్మా, వచ్చారు. మా మీసాలాయన దుప్పటి తెచ్చాను,” అని సంచి కౌంటర్ మీద పెట్టాడు. అతని వెనకనున్న పెద్దావిడ కూడా మెల్లగా, “మా ఇంటికీ వచ్చారమ్మా, పోయిన నెల నుంచీ ఉన్నారు,” అంది. ఆ రోజు పాత మిషన్ ఆగకుండా తిరిగింది.

వారం గడిచాక అమ్మ ప్రయాణమైంది. “మళ్ళీ రండి చెల్లెమ్మా,” అని మావయ్యగారు గేటు దాకా వెళ్ళి సాగనంపారు. “ఏ చుట్టాల్ని పిలుస్తున్నారో స్పష్టంగా చెప్పండన్నయ్యగారూ,” అని అమ్మ నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

ఆమె అటు వెళ్ళగానే ఆయన కొత్త మేజోళ్ళు మోకాళ్ళ దాకా లాక్కుని, ఆమె పడుకున్న గదిలోకి వెళ్ళారు. సర్... సర్... కోడలు తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. ఆయన కిటికీ పక్కన ఒంటికాలి మీద నిలబడి భూతద్దం పెట్టారు. చాలాసేపు చూశారు. కనుబొమలు ముడిపడ్డాయి.

“అమ్మాయ్, ఒక చుట్టం ఇక్కడే ఉండిపోయినట్టుంది.”

ఆమె గుండె మళ్ళీ గుభేలుమంది. డాక్టరమ్మ చెప్పిన మందు వేసింది, దువ్వింది, దుప్పట్లు ఉతికింది. “ఎ... ఎక్కడండీ?”

మావయ్యగారు మేజోడు మీంచి ఏదో రెండు వేళ్ళతో జాగ్రత్తగా తీసి వెలుగులోకి ఎత్తి చూపించారు. పొడవాటి నారింజరంగు వెంట్రుక. మంచం మీద, కోడలి పాత దిండుగలీబు మీద, దొరసాని బోర్లా పడి నిద్రపోతోంది.

“ఈ చుట్టాన్ని ఉండనిద్దాంలే,” అని ఆయన పిల్లి లేవకుండా, పాదాలు నేలకి రాయకుండా, మునివేళ్ళ మీద నడుచుకుంటూ బయటికి వెళ్ళిపోయారు.